మాత్ర వేసుకుంటే దడ పెరిగింది, ఆపేయనా?

పోయిన సంచికలో పానిక్ ఎటాక్ (ఉన్నట్టుండి ముంచుకొచ్చే తీవ్రమైన భయం, దడ) గురించి రాశాక వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా మందుల గురించే ఉన్నాయి. వేసుకుంటే ఇలా అవుతోంది, ఆపితే అలా అవుతోంది, అలవాటైపోతాయని ఇంట్లో వాళ్లు భయపెడుతున్నారు, డాక్టరుగారికి చెప్పడానికి మొహమాటంగా ఉంది. అన్నిటిలోనూ ఇవే మాటలు. అందుకని ఈసారి శీర్షిక మొత్తం దానికే. ఉత్తరాలు కాస్త కుదించాను, పేర్లు వేయడం లేదు.

ప్రశ్న: నాకు 31 ఏళ్లు, ప్రైవేటు స్కూల్లో టీచర్ని. రెండు నెలల క్రితం పాఠం చెబుతుండగా ఉన్నట్టుండి గుండె దడదడలాడి, చేతులు చల్లబడి, ఊపిరి అందక ఇక అయిపోయాననుకున్నాను. ఈసీజీ, ఎకో, థైరాయిడ్ అన్నీ నార్మల్. సైకియాట్రిస్టు గారు ఎస్సిటాలోప్రామ్ 10 ఎంజీ, రాత్రికి క్లొనజెపామ్ రాశారు. నాలుగో రోజుకే వికారం, తెల్లవారుజామున మెలకువ, లోపల వణుకు, దడ ముందుకన్నా ఎక్కువ. మందు వేడి చేసింది, నీ ఒంటికి పడలేదు అన్నారు అత్తయ్య. ఆపేశాను. ఇప్పుడు మళ్లీ స్కూలుకు వెళ్లాలంటేనే భయం. వేరే మందు ఏదైనా ఉందా? – తెనాలి

జవాబు: అమ్మా, మీరు రాసినవన్నీ ఈ మందు మొదటి వారంలో చాలామందికి వచ్చేవే. ఈ మాట మీకు మందు రాసిన రోజే ఎవరైనా కూర్చోబెట్టి చెప్పి ఉంటే మీరు ఆపేవారు కాదేమో. ఆపడంలో మీ తప్పేమీ లేదు.

ఎస్సిటాలోప్రామ్, సెర్ట్రలిన్, పారాక్సిటిన్, ఫ్లూయాక్సిటిన్ – వీటన్నిటినీ కలిపి ఎస్‌ఎస్‌ఆర్‌ఐలు అంటాం. సెరటోనిన్ అనే రసాయనం మీద పనిచేస్తాయి. మన ఒంట్లో ఉన్న సెరటోనిన్‌లో దాదాపు 90 శాతం పేగుల్లోనే ఉంటుంది, మెదడులో ఉండేది చాలా తక్కువ. అందుకే మాత్ర వేసుకోగానే ముందు కడుపులో తెలుస్తుంది: వికారం, ఆకలి లేకపోవడం, ఒకటి రెండు లూజ్ మోషన్స్. మెదడు సంగతి వేరు. అక్కడ సెరటోనిన్ పెరిగిన మొదటి రోజుల్లో కొందరికి కంగారు, వణుకు, నిద్ర చెడటం తాత్కాలికంగా పెరుగుతాయి, మెదడు దానికి సర్దుకున్నాక మెల్లగా భయం తగ్గుతుంది. ఇబ్బంది మొదటి రోజే మొదలవుతుంది, మేలు రెండు నుంచి నాలుగు వారాలకు గానీ తెలియదు, పూర్తిగా తెలియాలంటే రెండు మూడు నెలలు పడుతుంది. ఈ మధ్య గడిచే పది, పదిహేను రోజులే గండం, చాలామంది మానేసేది కూడా అప్పుడే.

పానిక్ ఉన్నవాళ్లకు ఇది ఇంకా కష్టం. ఎందుకంటే ఈ జబ్బుకు మూలమే ఒంట్లో ఏ చిన్న మార్పు వచ్చినా దాన్ని ప్రమాదంగా చదువుకోవడం. జలుబు మందు వేసుకున్నవాడికి కాస్త దడ వస్తే కాఫీ ఎక్కువైందేమో అనుకుంటాడు, మీకు అదే దడ వస్తే అటాక్ మొదలైందనిపిస్తుంది, ఆ భయానికి దడ ఇంకా పెరుగుతుంది. నా దగ్గరికి వచ్చే ఒకావిడ చెప్పింది: నాలుగింటికి మెలకువ వచ్చి, వంటింటి గట్టు దగ్గర నిలబడి, ఒక చేత్తో మణికట్టు పట్టుకుని ఫోన్లో టైమ్ చూస్తూ నాడి లెక్కపెట్టుకుందట. 96 వచ్చింది. తప్పేమో అని మళ్లీ లెక్కపెట్టింది, 104. మూడోసారి 112. ఆ మూడు లెక్కల మధ్య మందు ఏమీ కొత్తగా చేయలేదు, పెరిగింది భయం ఒక్కటే. ఆవిడకు నేను ఇచ్చిన మొదటి సలహా మందు మార్చడం కాదు, నాడి పట్టుకోవద్దనడం. మీకూ అదే చెబుతున్నాను. పల్స్ చూపించే వాచీ ఉంటే ఈ రెండు వారాలూ బీరువాలో పెట్టేయండి.

ఇక డోసు. పానిక్ ఉన్నవాళ్లకు ఎస్సిటాలోప్రామ్ 5 ఎంజీతో మొదలుపెట్టి వారం తర్వాత 10కి వెళ్లడం, సెర్ట్రలిన్ అయితే 25తో మొదలుపెట్టి 50కి వెళ్లడం పద్ధతి. 10తో మొదలుపెట్టినా చాలామంది తట్టుకుంటారు, మీరు తట్టుకోలేకపోయారు, అంతే. కాబట్టి కొత్త మందు వెతకడం కన్నా ముందు మీ డాక్టరు దగ్గరికే వెళ్లి, "నాలుగు రోజులు వేసుకుని ఇలా అయి ఆపేశాను, తక్కువ డోసుతో మొదలుపెట్టవచ్చా" అని అడగండి. ఆయన కోప్పడతారేమో అని మానకండి. మీరు వాడింది నాలుగు రోజులే కాబట్టి ఎస్సిటాలోప్రామ్ ఆపడం వల్ల పెద్దగా ఇబ్బంది ఉండదు. అయితే ఆ రెండు మందులూ ఒకే మాత్రలో కలిపి ఇచ్చారేమో స్ట్రిప్ చూసుకోండి. మన దగ్గర అలా కలిపిన మాత్రలు బాగా రాస్తారు. అలాంటి మాత్రను విరిస్తే రెండు మందుల డోసూ సగమవుతుంది, అదీ ఆయనకు గుర్తుచేయండి. కంగారు తగ్గించి నిద్ర పట్టించే క్లొనజెపామ్ ఎందుకిచ్చారంటే సరిగ్గా ఈ మొదటి వారాల గండం దాటించడానికే, తర్వాత దాన్ని మెల్లగా తీసేస్తారు, ఎప్పుడు తీసేస్తారో ఇప్పుడే అడిగి రాయించుకోండి.

మళ్లీ మొదలుపెట్టాక మాత్ర టిఫిన్ తిన్నాక వేసుకోండి. పరగడుపున కాఫీ తాగి, మాత్ర వేసుకుని, స్కూల్ బస్సు కోసం పరిగెత్తితే ఎవరికైనా వికారమే. నిద్ర చెడితే మాత్ర పొద్దున వేసుకోవాలి, మత్తుగా ఉంటే రాత్రికి మార్చుకోవాలి, ఈ చిన్న మార్పుతోనే సగం మందికి ఊరట దొరకడం చూశాను. కాఫీ, టీ రోజుకు ఒకటికి తగ్గించండి, కెఫీన్ పానిక్‌ను నేరుగా రెచ్చగొడుతుంది. ఇంకొకటి, ఇది చాలామందికి తెలియదు: వికారం అనగానే మెడికల్ షాపుకెళ్లి పాంటాప్రజోల్, డోంపెరిడోన్ కలిసిన గ్యాస్ క్యాప్సూల్ తెచ్చుకోవడం మన ఇళ్లలో మామూలు. ఎస్సిటాలోప్రామ్‌తో డోంపెరిడోన్ కలిస్తే కొందరిలో గుండె లయ మీద ప్రభావం పడవచ్చు. డాక్టరును అడగకుండా ఆ రెండూ కలపకండి.

పాల లెక్క రాసుకునే గోడ క్యాలెండర్ ఉంటుంది కదా, ఆ రోజు గడిలోనే వికారం పదికి ఎంత, దడ పదికి ఎంత అని రాత్రి ఒక్కసారి రెండు అంకెలు వేయండి. రోజంతా గమనించుకోవద్దు, ఒక్కసారే. మూడో వారంలో ఆ గడులు చూసి మీ డాక్టరుకు చెప్పడానికి మీ దగ్గర లెక్క ఉంటుంది. మామూలువి కానివి కూడా చెబుతాను: ఒళ్లంతా దద్దుర్లు, స్పృహ తప్పడం, ఒక్కచోట కూర్చోలేనంతగా కాళ్లు లాగేస్తున్నట్టు తిరగాలనిపించడం, జ్వరంతో పాటు ఒళ్లు బిగుసుకుని వణుకు రావడం. వీటిలో ఏది వచ్చినా వారం ఆగకండి, అదే రోజు వెళ్లండి.

ప్రశ్న: వయసు 38, పెళ్లయి పదేళ్లు. ఏడు నెలలుగా పారాక్సిటిన్ వాడుతున్నాను, పానిక్ పూర్తిగా తగ్గింది. కానీ భార్యాభర్తల విషయంలో కోరిక తగ్గింది, ఎంతసేపటికీ ముగియదు. నా భార్య నాకు ఇంకెవరితోనో సంబంధం ఉందనుకుంటోంది. డాక్టరుకు చెప్పలేకపోతున్నాను, బయట క్యూలో మా ఊరివాళ్లు ఉంటారు. శని, ఆదివారాలు మాత్ర మానేసి చూస్తున్నాను. – కరీంనగర్ జిల్లా

జవాబు: ఉత్తరం రాసినందుకు ముందుగా సంతోషం. ఈ మందులు ఆపేసేవాళ్లలో చాలామంది అసలు కారణం ఇదే, కానీ చెప్పేది మాత్రం "తగ్గిపోయింది కదా, ఆపేశాను" అని.

ఇది మీ మగతనం లోపం కాదు, భార్య మీద ప్రేమ తగ్గడమూ కాదు. సెరటోనిన్ పెరిగితే స్ఖలనం ఆలస్యమవుతుంది. ఎంత ఖాయమంటే, శీఘ్రస్ఖలనం ఉన్నవాళ్లకు ఇవే మందులను వైద్యంగా ఇస్తాం. వికారం లాగా ఇది వారం పది రోజుల్లో దానంతటదే పోయే రకం కాదు, డోసు ఉన్నన్నాళ్లూ ఉండవచ్చు, పైగా ఈ గుంపులో పారాక్సిటిన్‌తో ఎక్కువ. ఆడవాళ్లకూ వస్తుంది, వాళ్లను అడిగేవాళ్లు లేక బయటికి రాదు. ఓర్చుకోమని నేను చెప్పను, ఎందుకంటే దారులున్నాయి: పానిక్ స్థిరంగా తగ్గి ఉంటే డోసు కొంచెం తగ్గించి చూడవచ్చు, ఈ ఇబ్బంది తక్కువగా ఉండే మిర్టాజపిన్ వంటి వేరే మందుకు మెల్లగా మార్చవచ్చు, లేదా దానికి తోడు ఇంకొకటి ఇవ్వవచ్చు. మీకు ఏది నప్పుతుందో మీ బీపీ, షుగరు చూసి తేల్చాలి, ఎందుకంటే 38 ఏళ్లకు షుగరు వల్ల కూడా ఇదే సమస్య రావచ్చు. అరుదుగా కొందరిలో మందు ఆపాక కూడా ఈ ఇబ్బంది కొంతకాలం ఉండిపోతుందని యూరప్ మందుల సంస్థ 2019లో మందు కాగితాల్లో చేర్పించింది, అందుకే దాచిపెట్టి నెలలు గడపకుండా ముందే చెప్పాలి.

శని, ఆదివారాలు ఆపడం మాత్రం ఇప్పుడే మానేయండి. పారాక్సిటిన్ ఒంట్లోంచి త్వరగా పోయే మందు, రెండు రోజులు మానితే తల తిరగడం, చిరాకు, వణుకు మొదలవుతాయి, సోమవారానికి మీరు మళ్లీ పానిక్ వచ్చిందనుకుంటారు. పడకగది సమస్యలకని షాపుల్లో అమ్మే డపాక్సిటిన్ ఉన్న మాత్రలు అస్సలు తెచ్చుకోకండి, అది మీ మందుతో కలవకూడదు. గుండెకు నైట్రేట్ మాత్రలు వాడేవాళ్లు సిల్డెనఫిల్ (వయాగ్రా) వేసుకుంటే ప్రాణం మీదికి వస్తుంది, ఇది మీకోసం కాకపోయినా చదివేవాళ్లలో ఎవరికైనా పనికొస్తుంది.

చెప్పడానికి నోరు రాకపోతే కాగితం మీద రాయండి. నాకు రాసిన ఈ నాలుగు వాక్యాలే చీటీ మీద రాసి డాక్టరు బల్ల మీద పెట్టండి, చాలు. మీ భార్యను కూడా తీసుకెళ్లండి. "ఈ మందు వల్ల ఇలా అవుతుంది" అన్న మాట ఆవిడ డాక్టరు నోట వినాలి, మీరు ఇంట్లో ఎంత చెప్పినా ఇప్పుడు ఆవిడకు సాకులాగే వినిపిస్తుంది.

ప్రశ్న: నేను న్యూజెర్సీలో ఉంటాను. రాజమండ్రిలో ఒంటరిగా ఉంటున్న మా అమ్మకు 67 ఏళ్లు. ఆందోళనకని నెల క్రితం సెర్ట్రలిన్ 50, రాత్రికి క్లొనజెపామ్ మొదలుపెట్టారు. బీపీకి హైడ్రోక్లోరోథయాజైడ్ కలిసిన మాత్ర ఎప్పటి నుంచో వేసుకుంటోంది. వారం నుంచి వీడియో కాల్‌లో తడబడుతోంది, తలనొప్పి, నీరసం అంటోంది, నిన్న నన్ను మా పిన్ని పేరుతో పిలిచింది. మెంటల్ మందులు వేసుకుంటే అంతేలే అని చుట్టుపక్కలవాళ్లు అంటున్నారట.

జవాబు: ఈ ఉత్తరం అందిన రోజే వీరికి ఫోన్ చేసి చెప్పాను, మిగతావాళ్ల కోసం ఇక్కడ రాస్తున్నాను. పెద్దవాళ్లలో ఎస్‌ఎస్‌ఆర్‌ఐ మొదలుపెట్టిన మొదటి నెలలో ఒంట్లో సోడియం పడిపోవచ్చు, థయాజైడ్ రకం బీపీ మాత్ర తోడైతే ఆ అవకాశం ఇంకా ఎక్కువ. రక్తంలో సోడియం 135 నుంచి 145 మధ్య ఉండాలి. తగ్గితే తలనొప్పి, నీరసం, తడబాటు, మాట పొంతన లేకపోవడం వస్తాయి, మరీ పడిపోతే ఫిట్స్ వస్తాయి. దీన్ని మందుల మత్తు అనుకునో, వయసు అనుకునో వదిలేస్తారు. చిన్న రక్తపరీక్ష, ఏ ఊళ్లో అయినా చేస్తారు, గంటల్లో తెలుస్తుంది. పెద్దామెను పక్కింటివాళ్లు ఆ సాయంత్రమే ఆసుపత్రికి తీసుకెళ్లారు, సోడియం తక్కువగానే ఉంది, ఇప్పుడు కోలుకుంటున్నారు, బీపీ మాత్ర మార్చారు. సోడియం తగ్గిందని ఇంట్లోనే ఉప్పు కలిపిన మజ్జిగ తాగించి సరిపెట్టకండి, తొందరపడి ఎక్కించడం కూడా ప్రమాదమే కాబట్టి అది ఆసుపత్రిలో కొలుచుకుంటూ చేయాల్సిన పని.

ఆ వయసులో రాత్రిపూట క్లొనజెపామ్ ఉంటే తూలిపడటం ఇంకో భయం. పెద్దవాళ్లు రాత్రి రెండింటికి బాత్రూముకు లేస్తారు, మత్తులో గడప తగులుతుంది, తుంటి విరుగుతుంది. మంచం పక్కన చిన్న లైటు వెలుగుతూ ఉంచండి, లేచేముందు మంచం మీదే ఒక నిమిషం కూర్చోమనండి, అసలు ఆ మాత్ర ఇంకా అవసరమా అని ప్రతిసారీ డాక్టరును అడగండి.

ప్రశ్న: సార్, నేను ఆటో నడుపుత. వయసు 44. ఆరేళ్ల కింద టెన్షన్‌కు ఒక డాక్టరు ఆల్ప్రజోలం 0.5 రాసిండు, అప్పటి నుంచి షాపుల కొనుక్కొని పొద్దున ఒకటి, రాత్రి ఒకటి వేసుకుంటున్న. ఇప్పుడు మతిమరుపు, పగలు కూడా మబ్బు మబ్బుగ ఉంటది. సాయంత్రం కల్లు తాగుత. దసరా నాటికి మాత్ర పూర్తిగ బంద్ చేద్దామనుకుంటున్న. – నిజామాబాద్

జవాబు: అన్నా, బంద్ చేయాలన్న ఆలోచన చాలా మంచిది, కానీ ఒక్కసారిగా చేయకండి. ఆరేళ్లు రోజూ వేసుకున్న ఆల్ప్రజోలం ఒక్కరోజులో ఆపితే నిద్ర పూర్తిగా పోతుంది, చేతులు వణుకుతాయి, చెమటలు పడతాయి, కొందరికి ఫిట్స్ వస్తాయి. ఆటో నడుపుతుండగా ఫిట్స్ వస్తే ఏమవుతుందో నేను చెప్పక్కర్లేదు. మెల్లగా, రెండు మూడు వారాలకోసారి పదో వంతు చొప్పున తగ్గించుకుంటూ నెలల తరబడి దిగాలి. ఆల్ప్రజోలం పనిచేసే సమయం తక్కువ కాబట్టి కొందరికి ముందు ఎక్కువసేపు పనిచేసే మందుకు మార్చి, అప్పుడు తగ్గిస్తారు. దసరాకే ముగించాలని పట్టుబట్టకండి, దసరాకు మొదలుపెట్టినా మేలే.

అసలు సంగతి కల్లు. తెలంగాణలో కల్తీ కల్లులో మత్తు కోసం ఆల్ప్రజోలం, డయాజిపామ్, క్లోరల్ హైడ్రేట్ కలుపుతారన్నది కొత్త విషయం కాదు. 2015లో ఎక్సైజ్ దాడులు పెరిగి అలాంటి కల్లు ఆగిపోయినప్పుడు మీ నిజామాబాద్‌లోనూ మహబూబ్‌నగర్‌లోనూ ఎందరో ఫిట్స్‌తో, మతి తప్పి, ఆసుపత్రుల పాలయ్యారు. అది చెట్టు కల్లు ఆగినందుకు కాదు, దానిలో కలిపిన మందు ఆగినందుకు. మీ విషయంలో దీని అర్థం ఏమిటంటే మీరు రోజుకు రెండు మాత్రలు వేసుకుంటున్నారనుకుంటున్నారు గానీ సాయంత్రం సీసాలో ఇంకెంత పోతోందో మీకూ తెలియదు, మీ డాక్టరుకూ తెలియదు. లెక్క తెలియని చోట తగ్గించడం కుదరదు. రెండూ కలిస్తే శ్వాస మందగించే ప్రమాదం కూడా ఉంది. కాబట్టి కల్లు సంగతి దాచకుండా చెప్పండి. జిల్లా ప్రభుత్వ ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంటుంది, అక్కడికి వెళ్లండి. ఇంట్లో తగ్గించడం కష్టమనిపిస్తే హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రిలో పెట్టుకుని తగ్గిస్తారు. పగలు మబ్బుగా ఉన్న రోజు ఆటో తీయకండి, కిరాయి పోతుందని తెలుసు, అయినా అడుగుతున్నాను.

ఇంకో మాట షాపువాళ్లకు. ఆల్ప్రజోలం షెడ్యూల్ హెచ్1 అనే, అమ్మకం మీద ఆంక్షలున్న మందుల జాబితాలో ఉన్న మందు. 2014 మార్చి నుంచి అమలులో ఉన్న నిబంధన ప్రకారం డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు, ఎవరు రాశారో ఎవరు కొన్నారో రిజిస్టరులో రాసి మూడేళ్లు దాచాలి. ఆరేళ్ల పాత చీటీ మీద ఈయనకు నెలనెలా ఇస్తున్నారంటే ఆ రిజిస్టరు ఎవరూ తెరవడం లేదనే అర్థం, నాకు బాధ కలిగించే విషయం ఇదే.

ప్రశ్న: మా అబ్బాయికి 20 ఏళ్లు, ఇంజనీరింగ్ రెండో సంవత్సరం, హాస్టల్లో ఉంటాడు. పానిక్‌కు ఫ్లూయాక్సిటిన్ మొదలుపెట్టి పది రోజులైంది. ఈ మందు వల్ల చిన్నవాళ్లకు ఆత్మహత్య ఆలోచనలు వస్తాయని విన్నాను. గుండె గుభేలుమంది. మానిపించేయనా? – విజయవాడ

జవాబు: మానిపించకండి, అలాగని ఆ మాటను కొట్టిపారేయనూ లేను. అమెరికా మందుల సంస్థ 2004లో పిల్లల విషయంలో ఈ హెచ్చరిక పెట్టించి 2007లో 24 ఏళ్ల వరకు ఉన్న యువతకూ వర్తింపజేసింది. మందు మొదలుపెట్టిన తొలి వారాల్లో, డోసు మార్చినప్పుడు కొద్దిమంది చిన్నవాళ్లలో అలాంటి ఆలోచనలు పెరగవచ్చు కాబట్టి దగ్గర ఉండి చూడమని దాని సారాంశం. వైద్యం లేకుండా వదిలేసిన ఆందోళన, డిప్రెషన్‌లలో కూడా ఆ ప్రమాదం ఉంటుంది, అదీ తూకంలో వేసుకోవాలి.

వీలైతే ఈ నెల రోజులు హాస్టల్ నుంచి ఇంటికి తెచ్చుకోండి. కుదరకపోతే రోజూ ఫోన్ చేసి "తిన్నావా" దగ్గర ఆగిపోకుండా, "రాత్రి ఎంతసేపు పడుకున్నావు, చిరాగ్గా ఉందా, చచ్చిపోవాలనిపిస్తోందా" అని నేరుగా అడగండి. అడిగితే ఆలోచన పుట్టిస్తామేమో అని తల్లిదండ్రులు భయపడతారు, అలా జరగదు, అడిగితే పిల్లవాడికి చెప్పుకునే దారి దొరుకుతుంది. ఉన్నట్టుండి గింజుకుపోవడం, ఒక్కచోట నిలవలేకపోవడం కనిపిస్తే ఆ రోజే డాక్టరుకు చెప్పండి. దానికి వ్యతిరేకంగా మూడు గంటలే పడుకుని హుషారుగా తిరగడం, ఆగకుండా మాట్లాడటం, డబ్బు విచ్చలవిడిగా ఖర్చు చేయడం కనిపించినా చెప్పాలి, అది బైపోలార్ (మనసు అతి హుషారుకూ కుంగుబాటుకూ మధ్య ఊగే జబ్బు) లక్షణం కావచ్చు, అప్పుడు మందు పద్ధతే మారిపోతుంది. మాత్రలు వారానికి సరిపడా మాత్రమే అతని దగ్గర ఉంచండి. అర్ధరాత్రి ఎవరూ దొరక్కపోతే మానసిక సమస్యల హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఫోన్ చేయండి, కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టింది, ఉచితం, తెలుగులో మాట్లాడతారు, ఏ వేళలోనైనా. ఈ నంబరు అబ్బాయి ఫోన్లో కూడా ఎక్కించండి.

ప్రశ్న: అయ్యప్ప మాల వేసుకున్నాను. దీక్షలో ఇంగ్లీషు మందులెందుకని, ఎలాగూ బాగానే ఉన్నానని ఐదు నెలలుగా వాడుతున్న వెన్లాఫాక్సిన్ ఆపేశాను. మూడో రోజు నుంచి తల తిప్పినా, కళ్లు పక్కకు తిప్పినా తలలో కరెంటు కొట్టినట్టు జిల్లుమంటోంది. తల తూలుతోంది, పిచ్చి కలలు. నరాలు దెబ్బతిన్నాయా? – అనకాపల్లి

జవాబు: నరాలు దెబ్బతినలేదు స్వామీ. మందు ఒక్కసారిగా ఆపినప్పుడు వచ్చే లక్షణం అది, మీరు చెప్పిన "కరెంటు కొట్టినట్టు" అన్న మాటే ప్రతి పేషెంటూ అంటారు. వెన్లాఫాక్సిన్, పారాక్సిటిన్‌లతో ఇది ఎక్కువ, ఫ్లూయాక్సిటిన్‌తో తక్కువ, ఎందుకంటే అది వారాల తరబడి ఒంట్లో ఉండి దానంతటదే మెల్లగా దిగుతుంది. జబ్బు తిరగబెడితే సాధారణంగా వారాలు గడిచాక పాత భయాలే తిరిగొస్తాయి, మందు ఆపిన ఇబ్బంది రెండు మూడు రోజుల్లోనే కొత్త లక్షణాలతో వస్తుంది. ఈ తేడా తెలియక ఎంతోమంది "మందు లేకుండా నేను బతకలేను, అలవాటైపోయింది" అనుకుంటారు.

ఈ రోజే మీ డాక్టరుకు ఫోన్ చేయండి. మళ్లీ మొదలుపెట్టి తర్వాత మెల్లగా దించడమే మామూలుగా చేస్తాం, మొదలుపెట్టగానే ఆ జిల్లు తగ్గిపోతుంది. బాగైన తర్వాత కూడా కనీసం ఆరు నెలలు, చాలామందికి ఏడాది వాడితేనే తిరగబెట్టే అవకాశం తగ్గుతుంది, ఐదు నెలలు తొందర. దీక్ష సంగతి మీ గురుస్వామితో ఒక్కసారి చెప్పి చూడండి, షుగరుకూ బీపీకీ మాత్రలు వేసుకుంటూ మాలలో ఉన్న స్వాములు ఆ పీఠంలోనే ఎంతమంది ఉన్నారో మీకు తెలుస్తుంది. ఒక్కపూట భోజనమైతే ఆ భోజనం తర్వాతే మాత్ర వేసుకోండి, రోజూ ఒకే వేళకు. కొండ ఎక్కేటప్పుడు ఇరుముడిలో కాకుండా చేతికందే సంచిలో స్ట్రిప్ పెట్టుకోండి.

చిన్న ప్రశ్నలు

*సెర్ట్రలిన్‌తో మోకాళ్ల నొప్పికి డైక్లోఫెనాక్ వేసుకోవచ్చా?* – రెండూ కలిస్తే కడుపులో రక్తస్రావం అయ్యే ప్రమాదం పెరుగుతుంది. పారాసెటమాల్ మేలు. ట్రమడాల్ ఉన్న నొప్పి మాత్రలు, డెక్స్‌ట్రోమెథార్ఫన్ ఉన్న దగ్గు మందు మీ అంతట మీరు తెచ్చుకోకండి. మలం నల్లగా తారులా వస్తే వెంటనే వెళ్లండి.

*ఆరు నెలల్లో నాలుగు కిలోలు పెరిగాను.* – పారాక్సిటిన్, మిర్టాజపిన్‌లతో ఎక్కువ, సెర్ట్రలిన్, ఫ్లూయాక్సిటిన్‌లతో తక్కువ. మార్చమని అడగవచ్చు. భయం తగ్గాక ఆకలి తిరిగొచ్చి పెరిగే బరువు కూడా కొంత ఉంటుంది, అది మంచి బరువే.

*ఆగకుండా ఆవలింతలు, రాత్రి దిండు తడిసేంత చెమట, నిద్రలో పళ్లు కొరుకుతున్నానట.* – మూడూ ఈ మందులవే. ప్రమాదం లేదు. మాత్ర పొద్దుటికి మారిస్తే కొందరికి తగ్గుతుంది. పళ్లు అరిగిపోతుంటే డెంటిస్టు రాత్రి పెట్టుకునే గార్డు చేసిస్తారు.

*స్టేజీ మీద చేతుల వణుక్కి ప్రొప్రనొలాల్ ఇచ్చారు. చిన్నప్పటి నుంచి ఉబ్బసం ఉంది, ఆ మాట చెప్పలేదు.* – వేసుకోకండి. అది ఊపిరి గొట్టాలను బిగించేస్తుంది. ఇప్పుడే వెళ్లి ఉబ్బసం ఉందని చెప్పి వేరేది రాయించుకోండి.

*మూడో నెల గర్భం. రెండేళ్లుగా సెర్ట్రలిన్ వాడుతున్నాను, బిడ్డకు ప్రమాదమని మా అమ్మ అంటే నిన్ననే ఆపేశాను.* – తల్లీ, కంగారుపడకండి. గర్భంతో ఉన్నప్పుడు, పాలిచ్చేటప్పుడు కూడా సెర్ట్రలిన్ తరచుగా వాడుతూనే ఉంటాం. ఒక్కసారిగా ఆపితే పానిక్ తిరగబెట్టడం మీకూ బిడ్డకూ మంచిది కాదు. పారాక్సిటిన్ అయితే మొదటి నెలల్లో వద్దంటాం, పేర్లు వినడానికి ఒకేలా ఉంటాయి కాబట్టి మీది ఏదో స్ట్రిప్ మీద చూసి నిర్ధారించుకోండి. రేపు గైనకాలజిస్టు దగ్గరికి వెళ్లేటప్పుడు ఆ స్ట్రిప్‌నే చేత్తో పట్టుకెళ్లండి, మీ అమ్మగారిని కూడా వెంట తీసుకెళ్లి ఆవిడ భయం ఏమిటో ఆవిడనే అడగనివ్వండి.